మాత్ర రోజు చుట్టూ అల్లుకున్న వారం: కీళ్ళవాతంతో హాఫ్ మారథాన్ సాధన

ఈ నెలాఖరుకు నా లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికన్నా పొడవైన పరుగు, 14 కిలోమీటర్లకు చేరింది. రన్ అని రాస్తున్నాను గానీ, అందులో దాదాపు సగం సమయం నడకే. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో, అంటే కీళ్ళవాతంతో, ఏళ్ళ తరబడి కాపురం చేస్తున్న ఒంటితో 21.0975 కిలోమీటర్ల హాఫ్ మారథాన్ దూరానికి సిద్ధమవుతున్నాను. కీళ్ళజబ్బు ఉన్న పిల్లల చికిత్సకు విరాళాలు సేకరించడం కోసం జరిగే పరుగు ఇది. పదహారేళ్ళు నిండకముందే మొదలై, కనీసం ఆరు వారాలపాటు తగ్గకుండా ఉండి, మరే కారణమూ దొరకని కీళ్ళవాపును జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటారు. కీళ్ళజబ్బు ముసలితనంతోనే వస్తుందని నమ్మేవారికి ఈ ఒక్క విషయం వివరించేసరికే విరాళం అడగడానికి పెట్టుకున్న ఓపిక సగం అయిపోతోంది.

మామూలుగా దొరికే పన్నెండు వారాల ప్రణాళికను నేను దాదాపు ఐదు నెలలకు సాగదీసుకున్నాను. మూడు వారాలు దూరం కొంచెం కొంచెంగా పెంచడం, నాలుగో వారం బాగా తగ్గించడం అనే పద్ధతి ఆరోగ్యవంతులకూ ఉన్నదే. నాకు తేడా అంతా ఆ వారాన్ని ఏ రోజు నుంచి లెక్కపెట్టాలన్న దగ్గర వచ్చింది.

నేను వాడే ప్రధానమైన మందు మెథోట్రెక్సేట్. కీళ్ళవాతానికి దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర వేసుకున్న మర్నాడు నాకు వికారం, తల బరువు, ఏ పనీ చేయబుద్ధి కాని నీరసం ఉంటాయి. ఈ మందుకు తోడుగా ఇచ్చే విటమిన్ ఫోలిక్ యాసిడ్ వల్ల అవి కొంత తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. మొదట్లో మాత్ర శుక్రవారం రాత్రి వేసుకునేదాన్ని కాబట్టి శనివారం పడకకు, ఆదివారం తేరుకోవడానికి సరిపోయేది. అసలు పరుగేమో ఆదివారం ఉదయం. ఈ చిక్కును మా డాక్టరుగారి ముందు పెట్టినప్పుడు, ఆవిడ నా రక్తపరీక్షలు చూసి, మాత్రను శాశ్వతంగా ఆదివారం రాత్రికి జరపమన్నారు. ఇప్పుడు ఉదయం లాంగ్ రన్, రాత్రి మాత్ర, సోమవారం పూర్తి విశ్రాంతి. పరుగు అలసట, మందు నీరసం రెండూ ఒకే రోజున పడి తీరిపోతున్నాయి. మంగళవారం తేలికపాటి నడక, బుధవారం, శుక్రవారం చిన్న పరుగులు, గురువారం తొడలకు, పిక్కలకు, నడుముకు బలం పెంచే వ్యాయామాలు, శనివారం మళ్ళీ విశ్రాంతి. ఇలాంటి మార్పును ఎవరికి వారు చేసుకోకూడదు, అందులోనూ పందెం దగ్గరపడ్డాక అసలే కూడదు.

ఈ అమరికలో జాగ్రత్త పడవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. మెథోట్రెక్సేట్ ఎక్కువగా మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది కనుక, చెమట ధారగా కారిన రోజున నీళ్ళు సరిగా తాగకుండా రాత్రి మాత్ర వేసుకోవడం మంచిది కాదు. పరుగు తరువాత మధ్యాహ్నం లోపు మూత్రం లేత రంగుకు వచ్చిందో లేదో చూసుకుంటాను. ఐబుప్రోఫెన్ జాతి నొప్పి మాత్రలను లాంగ్ రన్ రోజున ముట్టుకోను. నీరు తగ్గిన శరీరంలో అవి మూత్రపిండాల మీద భారం వేస్తాయి. పైగా నొప్పిని కప్పిపెట్టి పరుగెత్తితే, కీలు చెప్పవలసిన సంగతి మనకు చేరదు.

రెండో జాగ్రత్త రక్తపరీక్షల గురించి. ఈ మందు వాడేవారికి కొన్ని నెలలకొకసారి రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు తప్పవు. కాలేయం పరీక్షలో చూసే ఏ.ఎస్.టి., ఏ.ఎల్.టి. ఎంజైములు కండరాల్లో కూడా ఉంటాయి. అలవాటు లేని బరువైన వ్యాయామం చేసినా, బాగా దూరం పరుగెత్తినా అవి కొన్ని రోజులపాటు పెరిగి కనబడవచ్చు. వాపును సూచించే సి.ఆర్.పి. కూడా అంతే. లాంగ్ రన్ చేసిన మర్నాడే రక్తం ఇస్తే, మందు వల్ల కాలేయం దెబ్బతింటోందని డాక్టరు అనుమానించి మోతాదు తగ్గించే పరిస్థితి రావచ్చు. అందుకని పరీక్షను దూరం తగ్గించిన వారంలో, పరుగుకు ముందు రోజున పెట్టుకుంటున్నాను, నా సాధన గురించి చీటీలో రాసి మరీ ఇస్తున్నాను. ఏ శిక్షణ ప్రణాళికలోనూ ఈ మాట నాకు కనబడలేదు కాబట్టి కాస్త విస్తరించి రాశాను.

అసలు ఈ జబ్బుతో పరుగెత్తవచ్చా అని అడిగేవారు చాలామంది. కీళ్ళలోపలి పొర మీద మన రోగనిరోధక వ్యవస్థే దాడి చేయడం ఈ జబ్బుకు మూలం. కీలు వాడకం వల్ల అరిగిపోయే జబ్బుతో దీన్ని కలిపి చూడడం నుంచే ఈ భయం పుడుతుంది. 2003లో వెలువడిన ఒక డచ్ అధ్యయనంలో 309 మంది కీళ్ళవాతం రోగులను రెండేళ్ళపాటు గమనించారు. బరువైన వ్యాయామం చేసినవారి పెద్ద కీళ్ళు, చేయనివారితో పోలిస్తే మొత్తం మీద ఎక్కువగా దెబ్బతినలేదని తేలింది. అయితే పెద్ద కీళ్ళు అప్పటికే బాగా పాడైనవారి విషయంలో జాగ్రత్త అవసరమనీ అందులోనే ఉంది. అందుకే మోకాళ్ళకు, తుంటికి, పాదాలకు ఎక్స్‌రే తీయించి, ఈ జబ్బులో గుండెకు ముప్పు కొంత ఎక్కువ కాబట్టి ఆ పరీక్షలు కూడా చేయించుకున్న తరువాతే డబ్బు కట్టి పేరు నమోదు చేసుకున్నాను. హీమోగ్లోబిన్ కూడా చూపించుకోవడం మేలు. ఎడతెగని వాపు వల్ల వచ్చే రక్తహీనతను చాలామంది సాధన చాలక వచ్చిన ఆయాసమనుకుంటారు.

ఇక రోజువారీ కొలమానం. గడియారం చూపించే వేగం, గుండె లయ నాకు రెండో వరసలోనివి. నిద్ర లేచిన క్షణం నుంచి పిడికిలి పూర్తిగా బిగించగలిగే వరకు ఎన్ని నిమిషాలు పట్టిందో మంచం పక్కనున్న నోటుపుస్తకంలో రాస్తాను. లేవగానే వేళ్ళు సగం వరకు మాత్రమే ముడుచుకుంటాయి. గోళ్ళు అరచేతికి తగలవు. ఉంగరపు వేలు చివరిగా లొంగుతుంది, అది అరచేతిని తాకినప్పుడు టైము చూస్తాను. అరగంట లోపే తాకితే అనుకున్న పరుగు అనుకున్నట్టు సాగుతుంది. అరగంటకూ గంటకూ మధ్య అయితే, పరుగుకు అనుకున్న సమయమంతా నడకే. గంట దాటినా, ఏ కీలయినా వేడిగా, ఉబ్బి కనబడినా ఆ రోజు బూట్లు వేసుకోను. ఈ హద్దులు నా ఒంటికి కుదిరినవి; ఇంకొకరికి వేరుగా ఉంటాయి. పరుగు చేసిన మర్నాడు ఈ సంఖ్య పెరగకుండా ఉంటేనే ఆ దూరం నాకు దక్కినట్టు లెక్క. 11 కిలోమీటర్లు పరుగెత్తగలిగినా, మర్నాడు ఉదయం పిడికిలి మొరాయించడంతో వరుసగా రెండు వారాలు అదే దూరం దగ్గర ఆగాను.

కండరాల నొప్పిని, కీలు నొప్పిని విడదీసి చూడడం కూడా నేర్చుకోవలసిన విద్యే. తొడలు, పిక్కలు రెండు వైపులా సమానంగా పట్టేసి, కదిలిన కొద్దీ సడలుతూ, రెండు మూడు రోజుల్లో పోయేది కండరాల నొప్పి. ఒక కీలు దగ్గరే నిలిచి, తాకితే వెచ్చగా ఉండి, రాత్రి విశ్రాంతిలో కూడా సలిపేది జబ్బు తాలూకు నొప్పి. వ్యాయామం వల్ల వచ్చిన నొప్పి రెండు గంటల తరువాత కూడా తగ్గకపోతే తరువాతిసారి భారం తగ్గించమని ఫిజియోథెరపిస్టులు చెప్పే సూత్రాన్ని నేను తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను.

నడక, పరుగు కలిపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవాడు జెఫ్ గాలోవే. అమెరికా తరఫున 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తినవాడు కాబట్టి, నడవడం చేతకానితనమని వెక్కిరించేవారికి ఆయన పేరు చెబితే చాలు. నేను ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడకగా సాగిస్తున్నాను. అలసట వచ్చాక నడవడం వేరు, మొదటి కిలోమీటరు నుంచే నియమంగా నడవడం వేరు. రెండో పద్ధతిలో పాదాల ముందుభాగానికి మాటిమాటికీ ఊపిరి దొరుకుతుంది. ఇలా కిలోమీటరుకు సుమారు 9 నిమిషాలు పడుతోంది. నిర్వాహకులు పెట్టిన గడువు మూడున్నర గంటలు, అంటే కిలోమీటరుకు దాదాపు 10 నిమిషాలు. నా వేగం నిలబడితే మూడు గంటల పది నిమిషాలకు పూర్తవుతుంది, మరుగుదొడ్డికీ బూటు సర్దుకోవడానికీ ఇరవై నిమిషాలు చేతిలో ఉంటాయి. పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత శ్రమకు మించి ఏ పరుగూ చేయడం లేదు.

జబ్బు ఒకసారి తిరగబెట్టింది. రెండు మణికట్లు, కుడిపాదం వాచాయి. ఆ రోజుల్లో పరుగు పూర్తిగా మాని, వాపు దిగాక నడుములోతు నీటిలో నడక, కదలని సైకిలు మీద తేలికగా తొక్కడం చేశాను. తిరిగి మొదలుపెట్టినప్పుడు ఆగిన దూరంలో సగం నుంచి ఎత్తుకున్నాను. గుండె, ఊపిరితిత్తుల సత్తువ అనుకున్నంత పడిపోలేదు, వెనకబడింది పాదాలే. జ్వరం వచ్చినప్పుడు మాత్రం నీటిలో నడక కూడా కూడదు. రోగనిరోధక శక్తిని అణిచే మందు వాడుతున్నాం కాబట్టి ఆ వారం మాత్ర వేసుకోవాలో ఆపాలో ఫోను చేసి కనుక్కోవాలి. బొబ్బలు, గోటి పక్కన పుండ్లు వంటివాటిని కూడా ఇదే కారణంగా తేలిగ్గా తీసుకోను.

సామాను విషయానికి వస్తే, బూట్లలో నాకు కావలసినవి రెండే: వేళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకోనంత వెడల్పు, అడుగు సులువుగా ముందుకు దొర్లేలా కాస్త వంపు తిరిగిన గట్టి అట్ట. లోపల మెటాటార్సల్ ప్యాడ్, అంటే పాదం ముందుభాగపు ఎముకల బరువు తగ్గించే చిన్న మెత్త, పెడుతున్నాను. దీన్ని నొప్పి ఉన్న ఎముకల కింద అతికిస్తే నొప్పి ఎక్కువవుతుంది. ఆ ఎముకల తలలకు కొంచెం వెనకగా, మడమ వైపు పెడితేనే బరువు వాటి మీద నుంచి తప్పుతుంది. నా ఫిజియోథెరపిస్టు అరికాలి మీద లిప్‌స్టిక్ రాసి, బూటులోని అట్ట మీద పడిన ముద్ర చూసి ఆ చోటు గుర్తించారు.

కాళ్ళ గురించి ఇంత ఆలోచిస్తాం గానీ, పందెం రోజున ఎక్కువ ఇబ్బంది పెట్టేవి చేతులు. తెల్లవారకముందే చెస్ట్ నంబరుకు నాలుగు పిన్నీసులు గుచ్చాలి. బిగుసుకున్న బొటనవేలితో పిన్నీసు నోరు తెరవడం, దాన్ని బట్టలోకి దూర్చి మళ్ళీ మూయడం, అదీ నాలుగుసార్లు, నాకు చివరి కిలోమీటరు కంటే కష్టం. నడుముకు కట్టుకునే సాగే బెల్టుకు నంబరును ముందు రోజు సాయంత్రమే, వేళ్ళు మాట వినే వేళలో తగిలించుకుంటే ఆ బాధ లేదు. ముడి వేయనక్కరలేని సాగే లేసులు, పళ్ళతో లాగితే తెరుచుకునే మూత ఉన్న సీసా కూడా తీసుకున్నాను. పరుగులో శక్తి కోసం తీసుకునే పిండిపదార్థపు జెల్ పాకెట్లను మధ్యలో చింపడం నా వల్ల కాదు. అందుకే బయలుదేరే ముందే రెండు మూడు పాకెట్లను ఒక మెత్తని సీసాలోకి పిండుకుంటాను. గంటన్నర దాటే పరుగులకు గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకొమ్మంటారు. నా వేగానికి 30 గ్రాములు సరిపోతోంది, అంతకు మించితే మాత్ర వికారం గుర్తుకొస్తుంది. నీళ్ళు దాహాన్ని బట్టి తాగుతాను. నెమ్మదిగా సాగేవారు దారిలోని ప్రతి నీళ్ళ బల్ల దగ్గరా ఆగి అతిగా తాగితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు.

విరాళాల సంగతి క్లుప్తంగా. పరుగు పూర్తయినా కాకపోయినా మీ డబ్బు పిల్లలకే చేరుతుందని మొదటి అభ్యర్థనలోనే రాశాను. నమోదును వచ్చే ఏడాదికి మార్చుకునే వీలుందో లేదో, చివరి తేదీ ఏదో కూడా ముందే కనుక్కుని పెట్టుకున్నాను. ఇచ్చినవారికి బాకీ పడ్డామన్న భావంతో వాచిన పాదం మీద పరుగెత్తే పరిస్థితి రాకూడదు. జబ్బును జయించిన వీరగాథలా నా గురించి రాస్తామని ఎవరైనా అంటే మర్యాదగా వద్దంటున్నాను. జబ్బు ఎక్కడికీ పోలేదు, మందు పనిచేస్తోంది, అంతే.

ఇంకా ఏడు వారాలున్నాయి. ఆదివారాల దూరాలు వరుసగా 15, 16, 11, 17, 18, 12 అనుకున్నాను. ఏడో ఆదివారం పందెం. 18 దాటి సాధనలో వెళ్ళను. రక్తపరీక్ష 11 కిలోమీటర్ల వారంలో, శనివారం ఉదయం. దారి మధ్యలో ఆగిపోయినవారిని ఎక్కించుకునే బండి ఏయే చోట్ల ఉంటుందో నిర్వాహకులకు రాశాను. జవాబు రాగానే ఆ చోట్లను మార్గం పటం మీద గుర్తు పెట్టి, ఇంట్లోవాళ్ళకు ఒక ప్రతి ఇస్తాను.