పెద్ద డ్రమ్ము పక్కన నిలబడి విన్నవి

బ్యాండ్ అనగానే అందరికీ ముందు సైడ్ డ్రమ్ములే గుర్తొస్తాయి, చకచకా ఆడే ఆ పుల్లల మీద నుంచి చూపు తిప్పుకోవడం కష్టమే మరి. నేను మాత్రం పెద్ద డ్రమ్ము మనిషిని. విజయనగరంలో హైస్కూలు చదివిన రోజుల్లో స్కూల్ బ్యాండులో నేను వాయించింది అదే. ఇప్పటికీ ఏ వీధి చివరో ఊరేగింపు వస్తోందంటే పాట కన్నా, సన్నాయి కన్నా ముందు నాకు అందేది ఆ ఒక్క 'ధన్' అనే దెబ్బ. మా పిన్ని కూతురు ఈ సంగతులన్నీ ఒకచోట రాసి పెట్టమని చాన్నాళ్ళుగా అడుగుతోంది, అందుకని రాస్తున్నాను.

బ్యూగిళ్ళు, ఫ్లూట్లు, సైడ్ డ్రమ్ములు, సింబల్స్, ఒక ట్రయాంగిల్, వీటన్నిటికీ కలిపి పెద్ద డ్రమ్ము ఒక్కటే ఉంటుంది. దాని పని ఎడమ కాలు పడినప్పుడు దెబ్బ పడటం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది కానీ వెనకాల వస్తున్న ఎన్‌సీసీ వాళ్ళు, స్కౌట్లు, మిగతా స్కూళ్ళ పిల్లలు అందరి కాళ్ళూ ఆ దెబ్బని పట్టుకునే నడుస్తాయి. పాట ఆపాలన్నా వెంటవెంటనే రెండు దెబ్బలు వేసి చెప్పేది పెద్ద డ్రమ్మే. పాట ఏదైనా సరే, వాయించే వాళ్ళు ఎంతమందైనా సరే, ఆ రెండు దెబ్బలు పడ్డాక ఆ పాట పూర్తయ్యే చోట అందరూ ఒక్కసారే ఆగిపోతారు. తొమ్మిదో తరగతి ఆడపిల్లకి అంతకన్నా పెద్ద అధికారం ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి.

మా పీఈటీ మాస్టారు ప్రాక్టీసులో ఒకటే మాట అంటుండేవారు: "చెవితో వాయించకండమ్మా, కంటితో వాయించండి." ముందు నడిచే బ్యాండ్ లీడర్ చేతిలో కర్ర ఎప్పుడు పైకి లేస్తోందో, ఎప్పుడు దిగుతోందో చూసి కొట్టాలి తప్ప పక్కవాళ్ళ మోత విని కొట్టకూడదని. ఎందుకో అప్పుడు ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. ప్లస్ టూ ఫిజిక్సులో శబ్దవేగం లెక్కలు చేస్తున్నప్పుడు ఒక్కసారిగా వెలిగింది. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది. వరస చివర్లో, అరవై మీటర్ల వెనక నడిచేవాడికి నా దెబ్బ సెకనులో ఆరో వంతు ఆలస్యంగా చేరుతుంది. నిమిషానికి 120 అడుగుల నడకలో అడుగుకి అర సెకనే కాబట్టి అది మూడో వంతు అడుగు తేడా. పరేడ్ వీడియోల్లో ముందు వరసల కాళ్ళకీ వెనక వరసల కాళ్ళకీ తేడా కనిపించి జనం క్రమశిక్షణ లేదంటారే, చాలాసార్లు అది పిల్లల లోపం కానే కాదు, వాళ్ళు విన్నదాని ప్రకారం సరిగ్గానే నడుస్తున్నారు.

పోలీస్ పరేడ్ గ్రౌండ్‌లో జనవరి 26న, ఆగస్టు 15న వాయించేవాళ్ళం. నిజం చెప్పాలంటే గ్రౌండ్‌లోకి దిగాక జరిగింది నాకు పెద్దగా గుర్తులేదు. కలెక్టర్ గారు, జెండా, చప్పట్లు, అంతా ఒక టెన్షన్‌లో గడిచిపోయేది. గుర్తున్నదల్లా దానికి ముందు గంట. తెల్లారకముందే తీసుకొచ్చి గోడవారన చెట్ల కింద నిలబెట్టేవాళ్ళు, పక్కనే పోలీస్ బ్యాండ్ వాళ్ళు సర్దుకుంటూ ఉండేవాళ్ళు. ఒక జనవరిలో, చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే వాళ్ళ పెద్ద డ్రమ్ము ఆయన, పులిచర్మం డిజైన్ ఏప్రన్ కట్టుకున్న పెద్దాయన, నన్ను పిలిచారు. "ఏటమ్మా, ఒక సేత్తోనే వాయించేస్తన్నావు. ఈ సెయ్యి ఇలాగ అవతల పక్క ఆనించి సూడు, మోత ఎక్కడికక్కడ కట్టయిపోద్ది" అని నా ఎడమ అరచేతిని డ్రమ్ము రెండో వైపు చర్మం మీద పెట్టించారు. కొట్టాను. అప్పటిదాకా నా డ్రమ్ము 'ధమ్మ్మ్' అని సాగుతూ పక్క దెబ్బలోకి కలిసిపోయేది, ఇప్పుడు 'ధమ్' అని తెగింది. అరచేతి కింద ఆ చర్మం వణికి ఆగడం స్పష్టంగా తెలిసింది. ఆయన తన డ్రమ్ము ఎత్తుకుని నాతోపాటు వాయించారు, చిన్నదీ పెద్దదీ రెండు డ్రమ్ములు, పాట లేదు ఏమీ లేదు, ఉత్త ఎడమ కాలి దెబ్బలు. చుట్టూ ఉన్న మా పిల్లలు వాళ్ళంతట వాళ్ళే కదం తాల్, అంటే నిలబడ్డ చోటే అడుగులు వెయ్యడం, మొదలెట్టేశారు. వాయించిన రోజులన్నిటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ పొద్దున్నే.

అప్పటి నుంచి ఏది చూడ్డానికి వెళ్ళినా నేను వెతుక్కునేది మొదలవకముందు జరిగేదాన్నే.

పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే చివర పూజారి కూర్చుని ఊరేగే పొడవాటి మాను, చూడ్డానికి దసరా తర్వాత మంగళవారం ఊళ్ళోకి ఎంత జనం వస్తారో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. మూడులాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా మూడుసార్లు సిరిమాను తిరుగుతుంది, దాని ముందు ఊరేగింపులో పాలధార, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. ఆ రోజు మాత్రం డప్పుల్ని డప్పులుగా వినలేం, జనం హోరులో అన్నీ కలిసిపోతాయి. వినాలంటే ముందు రోజు తొలేళ్ళ రాత్రి రావాలి. సందుల్లో జట్లు జట్లుగా డప్పుల వాళ్ళు గడ్డి మంట వేసుకుని డప్పులు కాచుకుంటుంటారు. మంటకి చూపించి, వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, చాలకపోతే మళ్ళీ చూపించి. చల్లగాలికి మెత్తబడి 'దబ్' అంటున్న తోలు కాసేపట్లోనే బిగుసుకుని 'టాణ్' అంటుంది. ఆ మార్పు వినడానికి రెండడుగుల దూరంలో ఉండాలి. ఒకాయన మొదలెడతాడు, పక్కాయన అందుకుంటాడు, ఎవరూ లెక్క పెట్టరు, చెయ్యి ఊపరు, పులి వేషం కుర్రాడు రంగు ఇంకా ఆరకుండానే అక్కడికక్కడే అడుగు కలిపేస్తాడు. దగ్గరగా ఉంటే చెయ్యి దిగడం, మోత రావడం రెండూ ఒక్కటే. బాగా దూరంగా ఉన్న మేడ మీద నుంచి చూస్తే అదే పని కంటికి ఒకటి, చెవికి ఒకటి అయిపోతుంది.

ఇక తప్పెటగుళ్ళు. అమ్మమ్మ వాళ్ళది గజపతినగరం వైపు పల్లె, సంక్రాంతికో అమ్మవారి పండక్కో యాదవుల జట్టు వచ్చేది. నిక్కర్లు, కాళ్ళకి గజ్జెలు, గుండెల మీద గుండ్రటి రేకు తప్పెట. పుల్లలుండవు, రెండు చేతులతోనే వాయింపు. పదిహేను, ఇరవై మంది గుండ్రంగా తిరుగుతూ, పాడుతూ, వాయిస్తూ, ఎగురుతూ, అన్నీ ఒకేసారి. నేను వాయించినప్పుడు నడక, దెబ్బ, ఈ రెండే పనులు, దానికే చెమటలు పట్టేవి. వీళ్ళు కృష్ణుడి కథ పాడుతూ గిరుక్కున తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుని లేచి, ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు ఎక్కి గోపురంలా నిలబడతారు. పైన నిలబడ్డవాడి చేతులు కూడా తప్పెట వదలవు. మా తాతయ్య నన్ను ముందు వరసలో చాప మీద కూర్చోబెట్టేవాడు, దుమ్ము కళ్ళల్లో పడేది, అయినా వెనక్కి జరగబుద్ధి కాదు. ఆ కాళ్ళ దగ్గర కూర్చుంటే గజ్జెల మోత ఒక వైపు నుంచీ తప్పెటల మోత పై నుంచీ వచ్చి మీద పడతాయి. ఆట అయ్యాక ఒకాయన మజ్జిగ తాగుతూ తప్పెట తీసి నా ఒళ్ళో పెట్టాడు. రేకు మీద వేళ్ళు తగిలే చోట రంగు పోయి తళతళా మెరుస్తోంది, అంచు దగ్గర తాడు ఒరిసి ఒరిసి గీత పడింది. ఆయన ఛాతీ మీద కూడా సరిగ్గా అక్కడే, ఆ అంచు ఆనే చోటే, నల్లగా మచ్చ ఉంది.

వైజాగ్‌లో డిసెంబరు 4 నేవీ డే చుట్టుపక్కల ఆర్కే బీచ్‌లో నేవల్ బ్యాండ్‌నీ విన్నాను. చాలా బాగా వాయిస్తారు, అడుగు చెక్కు చెదరదు. కానీ ఆ జనంలో నాకు దొరికిన చోటు దూరం, పైగా సముద్రపు గాలి.

మా తమ్ముడు అమెరికా వెళ్ళాక అక్కడి డ్రమ్ కోర్‌ల వీడియోలు పంపించడం మొదలెట్టాడు. 1971లో డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అని ఒక సంస్థ పెట్టుకున్నారు, మరుసటి ఏడు విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో మొదటి పోటీలు, ఇప్పుడు ఫైనల్స్ ఇండియానాపోలిస్‌లో పెద్ద స్టేడియంలో. ఒక్కో కోర్‌లో 165 మంది దాకా, ఎక్కువ మంది కాలేజీ వయసు పిల్లలే, ఎండాకాలం అంతా బస్సుల్లో ఊరూరూ తిరుగుతూ వాయిస్తారు. ఫ్లూట్లూ క్లారినెట్లూ ఉండవు, ముఖ్యంగా ఇత్తడి వాయిద్యాలు, డ్రమ్ములు, జెండాలు తిప్పేవాళ్ళు. నేను మొదటి వీడియోలోనే ఆగిపోయింది పెద్ద డ్రమ్ముల దగ్గర. మనకి ఒకటే కదా, వాళ్ళకి ఐదు వరసగా, ఒక్కోటి ఒక్కో సైజు, ఒక్కో శ్రుతి. ఒకే దెబ్బల వరసని ఐదుగురూ పంచుకుంటారు. ఒకడు ఒక దెబ్బ, పక్కవాడు తర్వాతి దెబ్బ, అదీ కళ్ళు అందుకోలేనంత వేగంగా, వింటే ఒకే మనిషి చేతులు అనిపిస్తుంది. ఒక్కడు వెంట్రుకవాసి ముందుకొచ్చినా వరస మొత్తం కుంటుతుంది. ఆ వీడియో ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో. వాళ్ళ మైదానం పొడవు 91 మీటర్లు, ఈ చివరి నుంచి ఆ చివరికి శబ్దం చేరడానికి పావు సెకనుకి పైనే పడుతుంది, అందుకని వాళ్ళకీ అదే పాఠం, ముందు నిలబడ్డ డ్రమ్ మేజర్ చేతుల్ని చూసి వాయించమని.

స్టేడియంలో సీట్లున్నా డ్రమ్ముల పిచ్చి ఉన్నవాళ్ళు ముందుగా పోయేది బయట పార్కింగ్ దగ్గరికట, అక్కడ డ్రమ్ముల వాళ్ళు గుండ్రంగా నిలబడి చేతులు వేడెక్కించుకుంటుంటే చుట్టూ మూగిపోతారు. అది చదవగానే వెంటనే తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను, మన తొలేళ్ళ సందే కదరా అని. "నువ్వు వస్తే టికెట్ కొనక్కర్లేదే అక్కా, పార్కింగ్‌లోనే కుర్చీ వేసేస్తాను" అన్నాడు. వెళ్తాను, ఎప్పటికైనా.

ఒక్క విషయం మాత్రం అడగాలని ఉంది. జాతీయ పండగ వేడుకల్లో, ఉత్సవాల్లో తప్పెటగుళ్ళ జట్టుని ఎత్తైన స్టేజీ ఎక్కిస్తున్నారు, చేతికి మైకు ఇస్తున్నారు, నాలుగు నిమిషాల్లో దించేస్తున్నారు. ఛాతీకి ఆనించి వాయించే రేకు మోత స్పీకర్లలోంచి వస్తే డబ్బా మోతలా ఉంటుంది, గజ్జెలైతే అసలు వినపడవు. వాళ్ళని నేల మీద ఆడనివ్వండి, చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టండి, గోపురం కట్టి దిగేదాకా టైం ఇవ్వండి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో స్కూల్ బ్యాండులు నడిపే మాస్టార్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఏడాదికి ఒక్కసారైనా ఆ జట్లలో పెద్దవాళ్ళని మీ ప్రాక్టీసుకి పిలవండి. వాళ్ళకి దారి ఖర్చులూ సంభావనా ఇచ్చి పిలవండి. మీ పెద్ద డ్రమ్ము పిల్లని మాత్రం ఆయన ఎదురుగానే నిలబెట్టండి.