కారైకుడి పాత సామాను వీధిలో

తమిళనాడులోని కారైకుడి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది చెట్టినాడు మేడలు చూడటానికో, అక్కడి భోజనం కోసమో వెళ్తారు. నేనూ మా పిన్నీ మాత్రం మునీశ్వరన్ కోవిల్ వీధి కోసమే వెళ్ళాం. చెన్నై ఎగ్మూరులో పల్లవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రికి కారైకుడిలోనే దిగొచ్చు. మర్నాడు పొద్దున్నే టిఫిన్ తినేసి ఆటోలో ఆ వీధికి చేరాం. ఎటు చూసినా పాత సామాను కొట్లే. తలుపులు, స్తంభాలు, గంగాళాలు, దేవుడి పటాలు గుమ్మాలు దాటి రోడ్డు మీదికి వచ్చేశాయి.

ఇంత సామాను ఈ ఊళ్ళో పోగుపడటానికి కారణం ఆ మేడలే. ఈ చెట్టినాడు ప్రాంతపు వ్యాపారులైన నాట్టుకోట్టై చెట్టియార్లు బర్మా, సిలోన్, మలయాల్లో వడ్డీ వ్యాపారం చేసి, సంపాదన తెచ్చి సొంత ఊళ్ళలో కోటల్లాంటి ఇళ్ళు కట్టుకున్నారు. టేకు బర్మా నుంచి, పాలరాయి ఇటలీ నుంచి, ఎనామిల్ గిన్నెలు ఐరోపా నుంచి ఓడల్లో దిగాయి. ఆడపిల్లకి పెట్టే సారె సామానుతో గదులు నిండిపోయేవి. 1942లో జపాన్ సైన్యం బర్మాని ఆక్రమించుకోవడంతో అక్కడి వ్యాపారం కుప్పకూలింది. తరవాత వారసులు పెరిగారు, ఎవరి ఉద్యోగాలకి వాళ్ళు వెళ్ళిపోయారు. అంత పెద్ద ఇంటికి మరమ్మతులు చేయించడం తలకు మించిన పని. కొన్ని ఇళ్ళు అమ్ముడుపోయాయి, కొన్ని పడగొట్టారు. వాటిలోంచి బయటికొచ్చిన గుమ్మాలూ గిన్నెలూ ఇలా కొట్లకి చేరాయి.

పెద్ద కొట్లలో నాకు ఊపిరాడలేదు. అన్నీ గుట్టలు గుట్టలుగా పడేసి ఉన్నాయి. ఒక గిన్నె తీయాలంటే పది గిన్నెలు కదపాలి. వీధి చివర్లో ఉన్న చిన్న కొట్టు మాత్రం మమ్మల్ని మధ్యాహ్నం దాకా కదలనివ్వలేదు. అది మా ఇంటి వంటగదికి రెండింతలు ఉంటుందేమో, అంతే. కానీ ప్రతి వస్తువూ చేతికందేలా, కంటికి ఆనేలా పెట్టాడు కొట్టాయన.

పాత చెక్క నిచ్చెన ఒకటి అడ్డంగా, పడుకోబెట్టినట్టు పైకప్పుకి తాళ్ళతో వేలాడదీశాడు. దాని మెట్లకి ఇత్తడి గరిటెలు, చట్రాలు, లాంతర్లు తగిలించాడు. ఎనామిల్ పళ్ళేల్ని సైజు ప్రకారం కాకుండా రంగు ప్రకారం పేర్చాడు. తెల్లవి ఒక వరస, నీలం అంచువి ఒక వరస, పువ్వులున్నవి విడిగా. దీపపు సెమ్మెలన్నీ గుమ్మానికి ఎదురుగా ఉన్న గూట్లో ఉన్నాయి, పొద్దుటి ఎండ నేరుగా వాటి మీదే పడుతుంది. ఎక్కడా బల్బుల హంగామా లేదు. అన్నిటికంటే నాకు నచ్చింది ఒకటుంది. జంతికల గొట్టం పక్కనే దాని బిళ్ళలు, వాటి పక్కన అప్పడాల పీట, కర్ర పెట్టాడు. వంటింట్లో ఏవి కలిసి ఉంటాయో ఇక్కడా అవి కలిసే ఉన్నాయి. ఏది దేనికి వాడతారో చెప్పే చీటీలు అక్కర్లేదు.

కొట్టాయన తమిళం, ఇంగ్లీషు కలిపి మాట్లాడాడు. పిన్ని తెలుగులోనే మాట్లాడింది. ఇద్దరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఆయన ఐదు గళ్ళ చెక్కపెట్టె తీసి "అంజరైపెట్టి" అనగానే పిన్ని "పోపులపెట్టె!" అని చేతుల్లోకి తీసుకుంది. మూత పక్కకి తిప్పితే తెరుచుకుంటుంది. ఒక గడిలో పసుపు చెక్కలోకి ఇంకిపోయి ఉంది. ఎన్ని తోమినా పోదట. "పోకూడదు కూడానే అమ్మాయ్, అదే దీని అందం," అంది పిన్ని.

తోమడం దగ్గరే ఆయన పట్టుదల తెలిసింది. ఇత్తడి బిందె ఒకటి తిప్పి మెడ కింద చూపించాడు. ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన తమిళ అక్షరాలు. ఇంటి పేరు పొడి అక్షరాలవి. మన ఇళ్ళలో కూడా పెళ్ళి సామాను మీద పేర్లు కొట్టించేవాళ్ళు కదా, అలాగే. మిషను మీద పాలిష్ పట్టిస్తే బిందె బంగారంలా మెరుస్తుంది, అక్షరాలు మాత్రం అరిగిపోతాయి. అందుకని చింతపండుతో తోమి వదిలేస్తాడు. వేలు పెట్టి తడిమితే ఒక్కో చుక్కా తగిలింది. ఏ అమ్మాయి సారెలో వచ్చిందో అది! మెరుపు కోసం ఆ పేరు చెరిపేయడం నాకూ ఒప్పుకోబుద్ధి కాదు.

పాత వస్తువుని కొత్త పనికి వాడటంలోనూ ఆయనది అదే పద్ధతి. వస్తువుని కోయడు, చిల్లు పెట్టడు. చెక్కడపు తలుపు రెక్కని బల్ల చేశాడు గానీ, ఇనప కాళ్ళ మీద ఊరికే ఆనించి పైన గాజు పలక వేశాడు. గాజు తీసేస్తే తలుపు తలుపే. కిటికీ చట్రంలో అద్దం బిగించాడు, ఊచలు మాత్రం విడిగా కట్టి దాచాడు. ఊరగాయ జాడీని దీపం స్టాండుగా మార్చాడు, వైరు మూతిలోంచి బయటికి తీశాడు. గుమాస్తా కింద కూర్చుని లెక్కలు రాసుకునే ఏటవాలు మూత పెట్టె మీద లాప్‌టాప్ పెట్టి చూపించాడు. సరిగ్గా సరిపోయింది. లోపల సిరా మరకలు అలాగే ఉన్నాయి. అదే వీధిలో మరో కొట్లో రోలుని రెండు ముక్కలు చేసి పూలకుండీలు చేశారు. చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. రోలుని రోలుగానే ఉంచి నీళ్ళు పోసి నాలుగు పూలు వేసినా అందంగానే ఉండేది.

కొనేవాళ్ళకి పనికొస్తాయని ఆయన చెప్పినవి కొన్ని రాస్తాను. పాత టేకుతో కొత్తగా చెక్కిన బొమ్మలు చాలా వస్తున్నాయి, అవి పాతవని నమ్మి డబ్బు పోయకండి. వస్తువుని బోర్లించి అడుగు చూడాలి. నిజంగా వాడినదైతే చెయ్యి పడే చోటే అరుగుతుంది, అంతటా ఒకేలా అరగదు. పెచ్చులూడిన ఎనామిల్ పళ్ళేల్లో తినొద్దు. పాత రంగుల్లో సీసం లాంటివి ఉండొచ్చు, గోడకి తగిలించుకోవడమే మేలు. ఇత్తడి గిన్నెలో పులుసు కాయాలంటే కళాయి పూయించాల్సిందే. ఇంకోటి, 1972 నాటి చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన శిల్పాలు, చిత్రాలు, కళావస్తువులు పురావస్తువుల లెక్కలోకొస్తాయి. వాటిని అమ్మడానికి లైసెన్సు కావాలి, మామూలు మనుషులు దేశం దాటించడానికి వీల్లేదు. అమెరికాలో ఉన్న పిల్లలకి పంపుదామనుకునేవాళ్ళు గుడి విగ్రహాల జోలికి అసలు పోవద్దు. గిన్నెలూ గరిటెలతో తృప్తి పడటం మంచిది.

గోడ మీద రవివర్మ లక్ష్మీదేవి పటం ఉంది. 1894లో ఆయన బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టాక ఇలాంటివి ఇంటింటికీ చేరాయి. దీనికి ఎవరో ఇల్లాలు చీర మేరా జరీ, చమ్కీలూ కుట్టింది. అచ్చు బొమ్మ వేలల్లో ఉంటుంది, ఈ కుట్టుపని మాత్రం ఇంకెక్కడా ఉండదు. ధర వినేసరికి వెనక్కి తగ్గాం. ఆయన ఏమీ అనుకోలేదు. పటాన్ని కిందికి దించి, వెలుగులో పెట్టి మరీ చూపించాడు.

చివరికి పోపులపెట్టె, ఒక జత గరిటెలు కొన్నాం. పిన్ని కొంచెం బేరమాడింది, ఆయన కొంచెం తగ్గాడు. పాత చీర ముక్కలో చుట్టి కట్టిచ్చాడు. పెట్టెని బీరువా మీద పెట్టి చూసుకుంటావా అని పిన్నినడిగితే, రేపట్నించే పోపులు పోసుకుంటానంది. మా ఊరెళ్ళగానే అటక మీద మూటగట్టిన తాతమ్మ సామానంతా దింపించి, ఏదేది ఎక్కడ పెట్టాలో దారి పొడుగునా చెబుతూనే ఉంది.