హార్డ్ డిస్కుకి కావాల్సింది ఏసీ కాదు, గాలి

మా ఖమ్మంలో పెళ్లిళ్లన్నీ మండే ఎండల్లోనే పడతాయి. వైశాఖంలో ముహూర్తాలు మొదలయ్యాయంటే జ్యేష్ఠం దాకా మెమరీ కార్డులు వస్తూనే ఉంటాయి. నా పని పెళ్లి వీడియోల ఎడిటింగ్. గది పై వాటాలో, సరిగ్గా స్లాబు కింద. మూడు కెమెరాలు, ఒక డ్రోన్ ఉన్న పెళ్లయితే ఫుటేజీ 500 జీబీ దాటడం మామూలే. అది ఒక డిస్కులోకి ఎక్కించి, మళ్లీ ఇంకో డిస్కులోకి కాపీ పెట్టి, ఆపైన రెండరింగ్. పొద్దస్తమానం డిస్కులకి విశ్రాంతి ఉండదు. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో కానీ, డిస్కుల గురించి నాకు ఫోన్లు మాత్రం అప్పుడే ఎక్కువ వస్తాయి. "అన్నా, డిస్కు మీద చెయ్యి పెడితే కాలుతుంది, పోతదా?"

చేత్తో చూసి లాభం లేదు. ఇనుము 50 డిగ్రీలుంటే మన చేతికి కాలినట్టే ఉంటుంది. డెస్క్‌టాప్ డిస్కులు చాలావాటికి కంపెనీలు ఇచ్చే పరిమితి 60. ప్రతి డిస్కు తన వేడిని తానే కొలుచుకుంటుంది. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే పట్టికని స్మార్ట్ అంటారు, అందులో 194వ నంబరు దగ్గర ఆ లెక్క కనిపిస్తుంది. విండోస్‌లో అయితే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే జపాన్ సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం. తెరవగానే ప్రతి డిస్కు ఎంత వేడి మీదుందో చూపిస్తుంది. లైనక్స్ వాళ్లకి అదే పని చేసే స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్ ఎలాగూ తెలుసు. ఖాళీగా ఉన్నప్పుడు చూసి ఊరుకోవద్దు. పెద్ద కాపీ పెట్టి అరగంట అయ్యాక చూడండి. అసలు సంగతి అప్పుడు తెలుస్తుంది. 45 లోపు ఉంటే నేను పట్టించుకోను. 50 దాటితే లేచి ఏదో ఒకటి చేస్తాను.

ఇంత వేడి ఎక్కడిదంటే, లోపల పళ్లేల్లాంటి ప్లేట్లు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటాయి. వాటిని తిప్పే మోటారు, చదివే తలని అటూ ఇటూ ఆడించే చెయ్యి, అడుగున సర్క్యూట్ బోర్డు మీది చిప్పులు, అన్నీ కలిపి పెద్ద డిస్కు పనిలో ఉన్నప్పుడు 6 నుంచి 8 వాట్లు తింటుంది. చిన్న ఎల్ఈడీ బల్బు తినేంత. పుట్టే వేడి పెద్దదేం కాదు. పోవడానికి దారి లేకపోవడమే ఇబ్బంది. ఫ్యాన్ లేని ప్లాస్టిక్ డబ్బాలో వచ్చే మూడున్నర అంగుళాల ఎక్స్‌టర్నల్ డిస్కులు అందుకే అంత కాలిపోతాయి. దాన్ని పరుపు మీద పెట్టుకుని కాపీ చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కనీసం బల్ల మీద నిలబెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి.

కేబినెట్ సంగతికి వద్దాం. మా వీధి చివర రిపేరు షాపులో ఎవరడిగినా ఒకటే మాట: "సైడు డోరు తీసేయ్ అన్నా, సల్లగైతది." నేను ఒప్పుకోను. మామూలు కేబినెట్‌లో ఫ్యాను వెనకాల ఉంటుంది. అది గాలిని ముందున్న జాలీ గుండా లాగుతుంది, ఆ గాలి డిస్కులని తాకుతూ వెనక్కి పోతుంది. సైడు డోరు తీశారనుకోండి, ఫ్యానుకి పక్కనుంచే గాలి సులువుగా అందుతుంది. ముందు మూలనున్న డిస్కుల దగ్గర గాలి కదలదు. ప్రాసెసర్ చల్లబడిందని మనం సంతోషిస్తాం, డిస్కు మాత్రం అలాగే ఉడుకుతుంటుంది. పైగా దుమ్ము. గ్రానైట్ కోసే ఊళ్లో డోరు తీసి పెడితే ఏమవుతుందో ఖమ్మం వాళ్లకి చెప్పక్కర్లేదు.

డిస్కుల ముందు 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి, గాలి లోపలికి కొట్టేలా బిగించండి. వందల్లో అయిపోయే ఖర్చు. ఫ్యాను అంచు మీద చిన్న బాణం గుర్తుంటే గాలి అటే పోతుంది. గుర్తు లేకపోతే, ఫ్రేముకి అడ్డ పుల్లలున్న వైపు నుంచి గాలి బయటికి వస్తుందని లెక్క. నా కేబినెట్‌లో అదే గదిలో, అదే కాపీ పనిలో, 53 చూపించిన డిస్కు ఫ్యాను పెట్టాక 42కి దిగింది. వేగంగా తిరిగే ఖరీదైన ఫ్యాను అక్కర్లేదు, మెల్లగా తిరిగినా చాలు. డిస్కుకీ డిస్కుకీ మధ్య డిస్కు పట్టే అర ఒకటి ఖాళీ వదలండి, ఎందుకంటే మధ్యలో ఇరుక్కున్నదే ఎప్పుడూ ఎక్కువ వేడెక్కుతుంది. స్క్రూలు నాలుగూ బిగించండి. రెండు పెట్టి వదిలేస్తే డిస్కు వణుకుతుంది, ఇనుప చట్రంలోకి పోవాల్సిన వేడి కూడా సరిగ్గా పోదు.

ఏసీ ఉందిగా అంటారు కొందరు. ఉంది. కరెంటు పోతే? కంప్యూటర్ ఇన్వర్టర్ మీద నడుస్తూనే ఉంటుంది, ఏసీ ఆగిపోతుంది. తలుపులు మూసిన గది, పైన కాలిన స్లాబు. పావుగంటలో డిస్కు అంకెలు ఎక్కడం మొదలవుతుంది. అందుకే నేను పెద్ద కాపీలు తెల్లవారుజామునే పెట్టుకుంటాను. ఎయిర్ కూలర్‌ని మాత్రం కంప్యూటర్ వైపు తిప్పకండి, అది పంపేది తడి గాలి.

తడి అంటే గుర్తొచ్చింది. ఏసీ గదిలో చల్లబడ్డ డిస్కుని కాకినాడ, విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో బయటికి తెచ్చి వెంటనే తగిలించకూడదు. చల్లటి లోహం మీద చెమ్మ పడుతుంది. సంచీలోనే కాసేపు ఉంచి, బయటి వేడికి అలవాటు పడ్డాక తగిలించాలి. పాడైన డిస్కుని ఫ్రిజ్‌లో పెడితే పని చేస్తుందనే చిట్కా ఇంకా వాట్సాప్‌లో తిరుగుతోంది. దయచేసి ఆ పని చేయకండి. లోపల తలకీ ప్లేటుకీ మధ్య ఉండేది నానోమీటర్లలో కొలిచే సందు, అక్కడ చెమ్మ చేరితే ఇక అంతే.

మా స్టూడియో వాళ్లకి ప్రత్యేకంగా ఇంకోటి. వధూవరుల పేర్లు, తేదీ రాసి డిస్కు మీద పెద్ద స్టిక్కర్ అంటించే అలవాటు మనది. డిస్కు మీద చిన్న రంధ్రం, పక్కన దాన్ని మూయొద్దని రాసి ఉంటుంది, చూశారా? లోపలి గాలి వేడికి పెరిగి తగ్గుతుంటే బయటి గాలితో ఒత్తిడి సరిచేసుకునే దారి అది, లోపల ఫిల్టర్ ఉంటుంది. హీలియం నింపిన పెద్ద డిస్కులకి ఆ రంధ్రం ఉండదు, మిగతావాటికి ఉంటుంది. పేర్లు పక్క అంచున రాసుకోండి.

వేడికీ డిస్కు పోవడానికీ సంబంధమే లేదని వాదించే మిత్రులున్నారు. వాళ్లు చూపించేది 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కుల మీద ఇచ్చిన లెక్క. నిజమే, మామూలు వేడిలో పెద్ద తేడా కనిపించలేదు, బాగా చల్లగా ఉన్నవే ఎక్కువ పోయాయి కూడా. కానీ అదే లెక్కలో, మూడేళ్లు దాటిన డిస్కులకి వేడి ఎక్కువైతే పోయేవి పెరిగాయి. వాళ్ల డిస్కుల్లో ఎక్కువ భాగం 45 లోపే ఉన్నాయి. మన బీరువాలో ఉన్నవన్నీ ముసలి డిస్కులు, తిరిగేది 50 మీద. ఆ లెక్క చూసి ధైర్యంగా ఉండమంటే నేనుండలేను.

అంకెలు చూస్తున్నప్పుడు 194తో ఆగకండి. 5 (డిస్కులో పాడై పక్కన పెట్టిన చోట్ల లెక్క), 197 (సరిగ్గా చదవలేక అనుమానంలో పెట్టిన చోట్ల లెక్క) నంబర్ల దగ్గర అసలు విలువ (రా వాల్యూ) సున్నా కాకుండా ఏమున్నా, ముఖ్యంగా అది పెరుగుతూ ఉంటే, ఫ్యాను కొనడానికి బజారుకి పోవద్దు. ముందు అందులో ఉన్న పెళ్లిని ఇంకో డిస్కులోకి దించండి.