రిజాల్వ్.కాన్ఫ్‌ను మారుస్తున్నది ఎవరు?

లినక్స్ సర్వర్‌లో /ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్ (resolv.conf) అనే ఫైలు, వెబ్‌సైట్ల వంటి వాటి పేర్లకు ఐపీ చిరునామాలు చెప్పే నేమ్‌సర్వర్ (డీఎన్‌ఎస్ సర్వర్) ఏదో సూచిస్తుంది. దాన్ని తెరిచి, కావలసిన నేమ్‌సర్వర్ చిరునామా రాసి, అంతా పనిచేస్తున్నదని నిర్ధారించుకున్న తరువాత, మరునాటికి ఆ ఫైలులో మళ్లీ పాత చిరునామాలే కనిపించడం చాలామంది అడ్మిన్‌లకు ఎదురయ్యే సమస్య. అప్పుడు అదే ఫైలును మళ్లీ సరిదిద్దడం వేరును వదిలి ఆకులకు నీళ్లు పోయడమే. సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డీ, నెట్‌వర్క్‌మేనేజర్, డీహెచ్‌క్లయింట్, వీపీఎన్ క్లయింట్ వంటి, నెట్‌వర్క్ వ్యవహారాలు చూసే ప్రోగ్రాములలో ప్రతిదీ ఈ ఫైలు తనదేనని భావిస్తుంది కనుక, మన సర్వర్‌లో దాన్ని చివరిగా రాస్తున్నది ఏదో ముందుగా తేల్చుకోవాలి.

ఆ ఆరా 'ఎల్‌ఎస్ -ఎల్' ఆదేశంతో మొదలవుతుంది. ఫైలు నిజానికి ఒక లింకు అయి, అది /రన్/సిస్టమ్‌డీ/రిజాల్వ్ వైపు చూపిస్తూ, లోపల 127.0.0.53 అనే చిరునామా ఉంటే యజమాని సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డీ. ఉబుంటు సర్వర్లలో సాధారణంగా కనిపించేది ఇదే. /రన్ మెమరీలో ఉండే డైరెక్టరీ కాబట్టి అక్కడ చేత్తో రాసినది రీబూట్‌తో పోతుంది. లింకు కాక మామూలు ఫైలే అయితే, రాసిన ప్రోగ్రాము తరచుగా మొదటి వరుసలోనే వ్యాఖ్యగా తన పేరు చెబుతుంది. విచిత్రమేమిటంటే, ఆ వరుసను చదవకుండా కింది వరుసలను దిద్దేవారే ఎక్కువ.

మార్పు జరిగిన వేళ కూడా మంచి ఆధారమే. డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్‌లోని యంత్రాలకు అడ్రస్‌లు పంచే పద్ధతి) ద్వారా అడ్రస్ తీసుకునే సర్వర్, దాన్ని వాడుకోవడానికి ఇచ్చిన గడువులో, అంటే లీజు కాలంలో, సగం గడవగానే దాన్ని పునరుద్ధరించుకోవడానికి ప్రయత్నిస్తుంది. 24 గంటల లీజు అయితే మామూలుగా 12 గంటలకు ఒకసారి. అప్పుడు వచ్చే జవాబులో 6వ ఆప్షన్‌గా డీఎన్‌ఎస్ సర్వర్ల జాబితా కూడా ఉండవచ్చు. పగలు దిద్దినది రాత్రికి మారిపోయిందంటే మొదట అనుమానించవలసింది దీనినే. 'స్టాట్' ఆదేశం చూపే సవరణ సమయాన్ని, సిస్టమ్ లాగ్ చూపే జర్నల్‌సీటీఎల్‌లో అదే నిమిషానికి ఉన్న వరుసలతో పోల్చితే సంగతి చాలావరకు తేలుతుంది.

అప్పటికీ తేలకపోతే, ఫైళ్లలో జరిగే మార్పులను నమోదు చేసే ఆడిట్‌డీని కాపలా పెట్టాలి. 'ఆడిట్‌సీటీఎల్ -డబ్ల్యూ' తరువాత ఫైలు దారి, '-పీ డబ్ల్యూఏ', '-కే' తరువాత ఒక గుర్తుపేరు ఇస్తే చాలు. మళ్లీ మార్పు జరిగినప్పుడు ఆ గుర్తుపేరుతో, ఆ నమోదులను వెతికే ఏయూసెర్చ్ నడిపితే, ఏ ప్రోగ్రాము, ఏ యూజర్ పేరున రాసిందో కనిపిస్తుంది. ఫైలు లింకు అయినచోట అది చూపే అసలు ఫైలుపైనే కాపలా ఉంచాలి. సర్వర్‌లోని ఏ సెట్టింగులోనూ, డీహెచ్‌సీపీ జవాబులోనూ లేని తెలియని నేమ్‌సర్వర్ ఫైలులో కనిపిస్తే మాత్రం, దాన్ని చెరిపేసి ఊరుకోకుండా, ఎవరో చొరబడ్డారనే అనుమానంతోనే పరిశీలించాలి.

ఇక 'చాటర్ +ఐ'తో ఫైలుకు తాళం వేయమనే సలహా ఉంది. నాకది ఏమాత్రం నచ్చదు. అది మార్పును ఆపుతుంది కానీ మార్చబోయే ప్రోగ్రామును ఆపదు. కొన్ని నెలల తరువాత డీఎన్‌ఎస్ సర్వర్ నిజంగానే మారినప్పుడు, సర్వాధికారాలున్న రూట్‌గా ఉండి కూడా ఫైలు రాయలేక, ఆ తాళాన్ని చూపే ఎల్‌ఎస్‌ఏటీటీఆర్ చూడాలని తోచక మరొకరు తల పట్టుకుంటారు.

సరైన సవరణ యజమాని దగ్గరే చేయాలి. ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగులు ఉండే నెట్‌ప్లాన్‌లో డీహెచ్‌సీపీ4-ఓవర్‌రైడ్స్ కింద యూజ్-డీఎన్‌ఎస్‌ను ఫాల్స్ చేసి, నేమ్‌సర్వర్స్ కింద మన చిరునామాలు ఇవ్వాలి. ఆ నెట్‌ప్లాన్ ఫైలును, క్లౌడ్ సర్వర్ మొదలయ్యేటప్పుడు సెట్టింగులు రాసే క్లౌడ్-ఇనిట్ తయారుచేస్తున్నట్లయితే, అది మళ్లీ రాయకుండా దాని నెట్‌వర్క్ సెట్టింగును కూడా డిసేబుల్ చేయాలి. నెట్‌వర్క్‌మేనేజర్‌లో ఐపీవీ4.ఇగ్నోర్-ఆటో-డీఎన్‌ఎస్, డీహెచ్‌క్లయింట్‌లో సూపర్‌సీడ్ వరుస ఇదే పని చేస్తాయి.

సవరణ తరువాత, డీఎన్‌ఎస్‌ను పరీక్షించే డిగ్ ఆదేశం ఒక్కదానితో తృప్తి పడకూడదు. డిగ్ నేరుగా నేమ్‌సర్వర్‌నే అడుగుతుంది. అప్లికేషన్లు మామూలుగా, పేర్లను ఎక్కడెక్కడ వెతకాలో ఉండే ఎన్‌ఎస్‌స్విచ్.కాన్ఫ్ చెప్పిన వరుసలో, /ఈటీసీ/హోస్ట్స్‌ను కూడా కలుపుకుని వెళతాయి కాబట్టి 'గెటెంట్ హోస్ట్స్' జవాబే వాటికి దగ్గరగా ఉంటుంది. లినక్స్ ప్రోగ్రాములు ఆధారపడే మూల లైబ్రరీ జీలిబ్‌సీ, రిజాల్వ్.కాన్ఫ్‌లో మొదటి మూడు నేమ్‌సర్వర్లనే లెక్కలోకి తీసుకుంటుంది, ఒక్కొక్క దాని కోసం డిఫాల్ట్‌గా 5 సెకన్లు ఆగుతుంది; పనిచేయని సర్వర్ మొదటి వరుసలో ఉంటే పేరు దొరికినా ఆలస్యంగా దొరుకుతుంది. 2017లో వచ్చిన జీలిబ్‌సీ 2.26 నుంచి ఫైలు మారితే నడుస్తున్న ప్రోగ్రాములు వాటంతట అవే గ్రహిస్తాయి కానీ, అంతకన్నా పాత వెర్షన్‌పై నడిచే సర్వీసులను రీస్టార్ట్ చేసేవరకు అవి పాత నేమ్‌సర్వర్‌నే అడుగుతూ ఉండవచ్చు.