టీబీ కాదు, ఊపిరితిత్తుల్లో పురుగు: నా అనుభవం

మాది రాయగడ. నిన్ననే చివరి రక్తపరీక్ష కాగితం చేతికొచ్చింది, ఇసినోఫిల్స్ (ఒంట్లో పురుగులుంటే పెరిగే ఒక రకం తెల్ల రక్తకణాలు) మామూలుకి దిగాయి. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

రోడ్డు కంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా కొన్నాళ్లు మణిపూర్‌లో పనిచేశాను. అక్కడ కొండవాగు పీతల్ని నిప్పుల మీద అలా చూపించి తినేవాళ్లం. ఇంటికొచ్చాక దగ్గు, ఒక పక్క ఛాతీనొప్పి, తెమడ ఇటుకపొడి రంగులో పడటం. ఎక్స్‌రేలో మచ్చ కనిపించింది. తెమడ పరీక్షలో టీబీ లేదు, సీబీనాట్‌లోనూ (టీబీ క్రిమి జన్యువుని మిషన్ మీద వెతికే పరీక్ష) లేదు. అయినా మా దగ్గరి ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసి టీబీ మందులు మొదలెట్టారు.

నా పరువు పోయింది అక్కడే. మందులిచ్చే కిటికీ దగ్గర మనిషి వరసలో అందరికీ వినపడేలా "ఏయ్ టీబీ, దూరంగా నిలబడు" అనేవాడు. వెనకాలే మా వీధివాళ్లు. వారం తిరక్కుండా ఊరంతా పాకింది. చెల్లికి సాలూరు నుంచి దాదాపు ఖాయమైన సంబంధం వాళ్లు మళ్లీ ఫోనెత్తలేదు. అమ్మ నా కంచం వేరే పెట్టి, చాటుకెళ్లి ఏడ్చేది. మందులు మింగుతున్నా తెమడలో నెత్తురు ఆగలేదు. అదే చెప్తే "నువ్వే సరిగా వేసుకోవట్లేదు" అని డాక్టరు నామీద అరిచాడు. ఒక్క మాత్ర కూడా వదల్లేదు నేను! అసలు నిజంగా టీబీ ఉన్నా సరే, మనిషిని జబ్బు పేరుతో పిలిచే హక్కు ఎవడిచ్చాడు?

చివరికి విశాఖలో ఒక డాక్టరమ్మ అడిగారు: "ఎక్కడ పనిచేశావు బాబూ, ఏం తిన్నావు?" అప్పటిదాకా ఎవరూ అడగలేదు. కాగితాలన్నీ తేదీల వరసలో దాచాను, అందుకు ఆవిడ మెచ్చుకున్నారు కూడా. మొదటి రక్తపరీక్ష నుంచీ ఇసినోఫిల్స్ ఎక్కువే, ఎవరూ చూళ్లేదు. సరిగా ఉడకని పీతల్లోంచి ఊపిరితిత్తుల్లోకి చేరే పురుగు అయ్యుండొచ్చని ఆవిడకి అనుమానం వచ్చింది. టీబీ కోసం తెమడకి వేసే రంగులో ఈ పురుగు గుడ్లు పాడైపోతాయట. రంగు వేయకుండా చూస్తే మూత ఉన్న గోధుమరంగు గుడ్లు దొరికాయి. ఆ పురుగు పేరు పారగోనిమస్. మణిపూర్, నాగాలాండ్, అరుణాచల్ వైపు ఎప్పటినుంచో ఉన్న జబ్బే. తెమడ మింగేస్తాం కాబట్టి మలంలోనూ గుడ్లు కనిపిస్తాయి. ప్రాజిక్వాంటెల్ మాత్రలు, కిలో బరువుకి 25 మిల్లీగ్రాముల లెక్కన రోజుకి మూడుసార్లు, రెండు మూడు రోజులే. అంతే!

టీబీ పరీక్షల్లో ఏమీ తేలకుండా నెత్తురు పడుతుంటే, ఈశాన్యంలో పనిచేసొచ్చినవాళ్లు పీతల సంగతి మీరే చెప్పండి, డాక్టరు అడిగేదాకా ఆగొద్దు. మొహం చూడకుండా చీటీ రాసేవాడి దగ్గరికి రెండోసారి వెళ్లొద్దు. పీతల పులుసు మానక్కర్లేదు, బాగా ఉడకాలి. పచ్చి పీత కోసిన కత్తీ, చేతులూ మాత్రం శుభ్రంగా కడగండి.

టీబీ లిస్టులోంచి నా పేరు తీయమని రిపోర్టులు పట్టుకుని ఆ కిటికీ దగ్గరికే వెళ్లాను. పెద్దాయన లీవులో ఉన్నారట, సోమవారం రమ్మన్నారు. వెళ్తాను, ఈసారి చెల్లిని కూడా తీసుకుని.