వెన్న చాక్లెట్ ఐసింగ్: నీరు వదలడం ఇంకా ఆగలేదు

మళ్లీ నీరు వదిలింది! కేక్ మీద పూసిన పావుగంటకే అంచుల్లోంచి గోధుమరంగు పాకం కారి పళ్లెంలోకి దిగింది. విజయవాడలో మే నెల సాయంత్రం, వంటింట్లో 34 డిగ్రీలు. ఎండ వల్లే అనుకుందామంటే, ఫ్రిజ్‌లో పెట్టిన మిగతా ఐసింగ్‌లో కూడా గిన్నె అడుగున నీరు చేరింది. ఇక దీని సంగతేదో తేల్చాల్సిందే.

కేక్ గురించి చెప్పడానికేమీ లేదు, చక్కగా పొంగింది. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే, ఐసింగ్ కోసం బజారు నుంచి ఏదీ తేకూడదు. ఇంట్లో ఉన్నవి పెరుగు మీగడ చిలికి తీసిన వెన్న, మామూలు పంచదార, కోకో పౌడర్, పాలు, కార్న్‌ఫ్లోర్, ఇన్‌స్టంట్ కాఫీ. అమూల్ బటర్ కూడా ఉంది గానీ ముట్టుకోలేదు. ఆ ఉప్పు బ్రెడ్ మీదికి బాగుంటుంది, ఐసింగ్‌లో మాత్రం నాలుకకు తగులుతూనే ఉంటుంది. కోకో బదులు బోర్న్‌వీటా వేసేవాళ్లున్నారు. నాకు అది అస్సలు నచ్చదు. మాల్ట్ రుచి ముందుకొచ్చి చాక్లెట్ వెనకబడిపోతుంది. చక్కెర ఎలాగూ అందులో ఉంటుంది కాబట్టి రంగు కోసం ఎక్కువ వేస్తే తీపి మొహం మొత్తుతుంది.

నేను తీసుకున్నవి వెన్న 150 గ్రాములు, మిక్సీ పట్టిన పంచదార 200, కోకో 40, పాలు 30 మిల్లీలీటర్లు. వెన్న 22 డిగ్రీల దగ్గర ఉండగా బీటర్ పెట్టాను. మొదటి మూడు నిమిషాలు ఎంత బాగుందో! తెల్లబడి, తేలికపడి, గరిటెకు నిలబడింది. కోకో వేసినా ఏమీ కాలేదు. పాలు పోశాకే గిన్నె గోడల మీద సన్నటి నీటి బొట్లు కనిపించాయి. ఇంకో రెండు నిమిషాలు తిప్పేసరికి విరిగిన పాలలా ముక్కలు ముక్కలైంది. ఫ్రిజ్‌లో పావుగంట ఉంచి తిప్పితే కలిసింది. బయట పెట్టాక ఐసింగ్ 26 డిగ్రీలు దాటగానే మళ్లీ అదే వరస. కారిన దాన్ని వేలితో తాకి చూస్తే ఉత్త నీరు కాదు, వేళ్లకు అతుక్కునే పాకం. అంటే వెన్న వదిలిన నీటిలో పంచదార కరిగి కిందికి దిగుతోందన్నమాట.

మొదటి అనుమానం వెన్నలోని నీటి మీదే. అదే వెన్న 100 గ్రాములు తూచి కాచాను. నెయ్యి 71 గ్రాములు, అడుగున మడ్డి 3 గ్రాములు వచ్చాయి. మిగిలిన 26 గ్రాములూ ఆవిరైపోయిన నీరే. ప్యాకెట్ బటర్‌లో కొవ్వు 80 శాతం ఉంటుంది, నీరు 16 శాతం లోపే. ఈ లెక్కన నా 150 గ్రాముల వెన్నలో దాదాపు 39 గ్రాముల నీరుంది. పాలలోది కూడా కలిపితే 65 గ్రాములు. దీన్నంతా 106 గ్రాముల కొవ్వు పట్టి ఉంచాలి. ఎలా ఉంచుతుంది?

రెండో అనుమానం మజ్జిగ. పెరుగు మీగడ వెన్నలో మిగిలే మజ్జిగలో పాల మాంసకృత్తులు అప్పటికే పులుపుకు గడ్డకట్టి ఉంటాయి. ఐసింగ్‌లో కనిపించిన తెల్లటి నలుసులు అవేనని నా ఊహ. అత్తయ్యగారిని అడిగితే, "నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలమ్మా, లేకపోతే నెయ్యి కూడా నిలవ ఉండదు" అన్నారు. ఐసు నీళ్లలో కడిగి, గరిటె వెనకభాగంతో పళ్లానికి అదిమి అదిమి నీరు పిండాను. ఈసారి 100 గ్రాములు కాస్తే 79 గ్రాముల నెయ్యి వచ్చింది. పుల్లటి వాసన కూడా పోయింది.

తేడా కొలవడానికి ఒక పద్ధతి కుదిరింది. 100 గ్రాముల ఐసింగ్‌ను టీ వడకట్టులో వేసి, కింద గ్లాసు పెట్టి, గంటసేపు వంటింట్లోనే వదిలేయడం. కడగని వెన్నతో చేసినది 14 గ్రాములు కారింది, కడిగిన వెన్నతో చేసినది 5.

ఆ 5 గ్రాములకు కారణం పంచదారేనని ఇప్పుడు అనిపిస్తోంది. మిక్సీ ఎంత తిప్పినా పలుకు పూర్తిగా పోదు. సున్నుండల పిండిని జల్లించినట్టు పలుచటి నూలుబట్టలో వస్త్రగాళితం చేస్తే నాలుకకు తగలడం బాగా తగ్గింది, కారడం మాత్రం తగ్గలేదు. కొనే ఐసింగ్ షుగర్‌లో కలిపే కార్న్‌ఫ్లోర్ తడిని కొంత పీల్చుకుంటుంది. అలాగని పచ్చిదే కలిపితే పిండి రుచి వస్తుంది, అది నాకు పడదు.

అందుకని ఉడికించాను. పాలు 120 మిల్లీలీటర్లు, పంచదార 150 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 15, కోకో 40, చిటికెడు కాఫీ కలిపి చిక్కటి ముద్దయ్యేదాకా కాచి, 24 డిగ్రీలకు చల్లార్చి, కడిగిన వెన్నలో చెంచా చెంచా కలిపాను. నున్నగా వచ్చింది, వడకట్టు పరీక్షలో కారింది ఒక్క గ్రామే. కోకోను పాలతో ఉడికిస్తే వచ్చే ఘాటు పొడిగా కలిపితే రాదు, ఇక ఎప్పుడూ ఇలాగే చేస్తాను. అయితే 34 డిగ్రీల గదిలో వెన్నే కరిగి జారుతుంది, పిండి ఏం చేయగలదు?

కాబట్టి ఎండలు తగ్గేదాకా వెన్న జోలికి వెళ్లను. తర్వాత చేయబోయేది పాకం ఐసింగ్. పంచదార 200, పాలు 100, కోకో 35 కలిపి, నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కట్టే అరిసెల పాకం దాకా కాచాలి. థర్మామీటర్‌లో 113 డిగ్రీలు. దింపాక కదపకుండా 45కి చల్లారనిచ్చి, చెంచాడు నెయ్యి వేసి అప్పుడు తిప్పాలి. వేడి మీద తిప్పితే పెద్ద పలుకులు కడతాయి. అది కుదిరాక తాటిబెల్లంతో చేయాలని ఉంది. బెల్లం పాలను విరిచేస్తుంది కాబట్టి నీళ్లతో పాకం పట్టి, చల్లారాక మీగడ కలపాలి. ఆ మీగడ పెరుగు మీదిది కాదు, కాచిన పాల మీదిదే.