ఆ గొర్రెపిల్ల ఎక్కడా పుట్టలేదు

పోయిన నెల కూడిక అయిపోయాక ఒక పెద్దాయన నా బైబిలు సంచిలో ఉన్న నవల చూశారు. తీసి అట్ట అటూ ఇటూ తిప్పి, "ఏంటమ్మా ఇది, కథల పుస్తకమా?" అన్నారు. క్రైస్తవ నవలేనండీ అన్నాను. "క్రైస్తవం అని పేరు పెడితే కల్పన నిజమైపోతుందా తల్లీ? కల్పనాకథలను లక్ష్యపెట్టవద్దని పౌలు తిమోతికి రాయలేదా? వాక్యం ఉండగా వీటితో పనేంటి?" అని పుస్తకం నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. ఆయన చెడ్డ మనసుతో అనలేదు. నాకంటే ముప్పై ఏళ్ల ముందు ప్రభువును తెలుసుకున్న మనిషి. అందుకే ఎదురు చెప్పలేక ఊరుకున్నాను. కానీ ఇంటికి వచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. నిజంగానే తప్పు చేస్తున్నానా? దేవునికి ఇవ్వాల్సిన గంట కథకు ఇస్తున్నానా?

మర్నాడు ఉదయం వరుసలో చదవాల్సిన భాగం సమూయేలు రెండవ గ్రంథం 12వ అధ్యాయం. నేను వెతుక్కున్నది కాదు.

దావీదు రాజు చేసిన పాపం మనకు తెలిసిందే: తన సైనికుడు ఊరియా భార్య బత్షెబను తీసుకుని, ఊరియాను యుద్ధంలో చంపించాడు. అంతకంటే చెప్పను. నేను ఆగిపోయింది ప్రవక్త నాతాను వచ్చేనాటికి దావీదు ఎలా ఉన్నాడో అన్న దగ్గర. అప్పటికి బిడ్డ కూడా పుట్టాడు. అంటే నెలల తరబడి ఆ మనిషి ఏమీ జరగనట్టే సింహాసనం మీద కూర్చున్నాడు. మరి అతని దగ్గర వాక్యం లేదా? ద్వితీయోపదేశకాండం 17వ అధ్యాయం చూడండి. రాజైనవాడు ధర్మశాస్త్రానికి ఒక ప్రతి తనకోసం రాసుకుని బ్రతికినన్నాళ్లూ చదవాలి. నరహత్య చేయకూడదు, వ్యభిచరింపకూడదు అన్న ఆజ్ఞలు దావీదుకు తెలియనివా? కీర్తనలు రాసినవాడు! తెలిసినా లోపలికి దిగలేదు. వాక్యంలో బలం లేక కాదు, అతను లోపల గడియ పెట్టుకున్నాడు. మనమూ అంతే కదా. తెలిసిన వచనం చెవిన పడగానే ఇది నాకు వచ్చు అనుకుంటాం, ఆ మాట అక్కడే ఆగిపోతుంది.

అలాంటి మనిషి దగ్గరికి దేవుడు ప్రవక్తను పంపాడు. ఆ ప్రవక్త ఒక కథ పట్టుకొచ్చాడు. మందలున్న ఒక ధనవంతుడు, ఒక దరిద్రుడికి ఉన్న ఒకే ఒక్క గొర్రెపిల్లను లాక్కుని తన అతిథికి వండిపెట్టిన కథ.

ఆ కథలోని దరిద్రుడికి పేరు లేదు, ఊరు లేదు. ఆ గొర్రెపిల్ల ఏ దొడ్లోనూ పుట్టలేదు. అది నాతాను నోట్లో పుట్టింది. అయినా ఎంత ప్రేమగా చెప్పాడో చూడండి: అది వాని చేతిముద్దలు తినుచు, వాని గిన్నెలోనిది త్రాగుచు, వాని కౌగిట పండుకొనుచు, వానికి కుమార్తెవలె ఉండెను. ఇంత చెప్పాల్సిన అవసరం ఏముంది? ధనవంతుడు పేదవాడి గొర్రెను దొంగిలించాడు అంటే నేరం తెలిసిపోతుంది. కానీ నాతాను తొందరపడలేదు. గిన్నె చూపించాడు, ముద్ద చూపించాడు, కౌగిలి చూపించాడు. విన్న దావీదు ఒకప్పుడు ఎవరు? సింహం నోట్లోంచి, ఎలుగుబంటి నోట్లోంచి గొర్రెపిల్లను లాక్కుని రక్షించిన కాపరి. రాజుగా ఎంత మొద్దుబారిపోయినా లోపల ఆ కాపరి పిల్లవాడు ఇంకా ఉన్నాడు. నాతాను వెళ్లి తట్టింది ఆ పిల్లవాడి తలుపు.

ఇంకో సంగతి ఉంది. ఇది చూసిన రోజు నాకు ఒళ్లు జలదరించింది. ఒక్క అధ్యాయం వెనక్కి తిప్పండి. ఇంటికి వెళ్లమని దావీదు బలవంతపెడితే ఊరియా ఏమన్నాడు? మందసమూ సైన్యమూ గుడారాల్లో ఉండగా నేను మాత్రం ఇంటికి పోయి తిని, తాగి, నా భార్య దగ్గర పండుకుంటానా అన్నాడు. తినడం, తాగడం, పండుకోవడం. గొర్రెపిల్ల చేసింది కూడా సరిగ్గా ఆ మూడే. చేతిముద్ద, గిన్నె, కౌగిలి. చనిపోయిన ఊరియా మాటలను నాతాను ఒక గొర్రెపిల్ల ఒంటి మీద కప్పి రాజు ముందుకు తోలుకొచ్చాడు. "కుమార్తెవలె" అన్న మాట కూడా ఊరికే పడలేదు. హెబ్రీ భాషలో కుమార్తెను బత్ అంటారు. బత్షెబ పేరు మొదలయ్యేదే ఆ మాటతో. దావీదు చెవిలో ఆ శబ్దం పడింది. అతనికి అర్థం కాలేదు, కానీ పడింది. ఇంత జాగ్రత్తగా అల్లిన కథను ఉత్త కల్పన అని పక్కన పెట్టగలమా?

దావీదు మండిపడ్డాడు. ఆ మనిషి మరణపాత్రుడు, గొర్రెపిల్లకు బదులు నాలుగంతలు ఇచ్చుకోవాలి అన్నాడు. నాలుగంతలు ఎక్కడిది? నిర్గమకాండం 22వ అధ్యాయం. చూశారా, కథలోని గొర్రెపిల్ల కోసం ధర్మశాస్త్రం అధ్యాయంతో సహా గుర్తుకొచ్చింది. ఊరియా విషయంలో ఆరో ఆజ్ఞ గుర్తుకు రాలేదు! తన పాపం దగ్గర మూగబోయిన వాక్యం ఆ కథ దగ్గర మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టింది. అందుకే "ఆ మనుష్యుడవు నీవే" అన్న మాట సూటిగా లోపలికి దిగింది. నాతాను ఆ ఒక్క మాటతోనే మొదలుపెట్టి ఉంటే దావీదు ఏం చేసేవాడో నాకు తెలియదు. దేవుడు మాత్రం ముందు కథనే పంపాడు.

అయితే దావీదు దాన్ని నిజంగా జరిగిన ఫిర్యాదు అనుకున్నాడు కదా, నవల అలా కాదు కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. మరి మన ప్రభువు "ఒక మనుష్యునికి ఇద్దరు కుమారులుండిరి" అన్నప్పుడు ఆ తండ్రి ఇల్లెక్కడ అని ఎవరైనా అడిగారా? అది ఉపమానమని తెలిసీ విన్నారు, తెలిసీ మనం ఇవాళ్టికీ ఏడుస్తున్నాం. ఉపమానము లేక వారికి బోధింపలేదు అని మార్కు రాశాడు. పౌలు కాదన్న కల్పనాకథలు వేరు. వంశావళులతో కలిపి, నిజమని నమ్మించి, సంఘాన్ని వివాదాల్లోకి లాగే దుర్బోధ అది. ఆ వచనం పూర్తిగా చదివితే పక్కనే ఉంది ఆ మాట. నవల ఎవరినీ మోసం చేయదు, నేను కథను అని మొదటి పేజీలోనే చెబుతుంది. పైగా ఆ పౌలే, అదే తిమోతికి, పానార్పణముగా పోయబడుచున్నాను అని తెలిసిన రోజుల్లో ఏం తెమ్మని రాశాడు? చలికి అంగీ, చదవడానికి పుస్తకములు, ముఖ్యముగా చర్మపు కాగితములు. మరణం గుమ్మంలో ఉండగా పుస్తకాలు అడిగిన మనిషి ఆయన. అవి ఏ పుస్తకాలో రాయబడలేదు కనుక నేను దాన్ని లాగి నవలల దాకా తీసుకురాను. కానీ చదువు మీద ఆయనకున్న ఆకలి నాకు ధైర్యం.

ఈ గొడవ కొత్తది కూడా కాదు. ఇంగ్లండు బోధకుడు జాన్ బన్యన్ సువార్త ప్రకటించినందుకు 1660 నుంచి 1672 దాకా 12 ఏళ్లు జైల్లో ఉన్నాడు. ఆ తర్వాత 1678లో మనం యాత్రికుని ప్రయాణము అని పిలుచుకునే కథల పుస్తకం అచ్చు వేయించాడు. అంతకుముందు స్నేహితులకు చూపిస్తే కొందరు అచ్చువేయి అన్నారట, కొందరు వద్దన్నారట. ఆ సంగతి ఆయనే ముందుమాటలో రాసుకున్నాడు. అందుకే పుస్తకం మొదటి పేజీ మీదే హోషేయ 12:10 నుంచి ఒక మాట పెట్టాడు. ఉపమానరీతిగా నేను మాట్లాడాను అని దేవుడన్న మాట అది.

ఆ పుస్తకంలో నేను మళ్లీ మళ్లీ వెళ్లే చోటు ఒకటుంది. కథానాయకుడు, పేరు క్రైస్తవుడు, అతని తోటి యాత్రికుడూ దారి తప్పి నిరాశ అనే రాక్షసుడి కోటలో చిక్కుకుంటారు. బుధవారం ఉదయం నుంచి శనివారం రాత్రి దాకా చీకటి కొట్లో తిండి లేదు, నీళ్లు లేవు. శనివారం అర్ధరాత్రి ప్రార్థన మొదలుపెట్టి తెల్లవారేదాకా చేస్తారు. అప్పుడు క్రైస్తవుడికి గుర్తొస్తుంది, తన రొమ్ము దగ్గరే వాగ్దానం అనే తాళంచెవి ఉందని! అన్నాళ్లూ అక్కడే ఉంది. మొదటి తలుపు సులువుగా తెరుచుకుంటుంది. ఆఖరున ఉన్న ఇనుప గేటు తాళం మాత్రం చాలా బిగిసి ఉంటుంది. ఎంతో కష్టపడితే గానీ తిరగదు. నాకు ఆ బిగిసిన తాళమే ఇష్టం. ప్రార్థించగానే అన్నీ తెరుచుకుంటాయని చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. ఆసుపత్రి వరండాలో కూర్చుని రిపోర్టు కోసం టెన్షన్ పడుతున్న రాత్రి నా నోటికి వచ్చిన ప్రార్థన ఇదే: ప్రభువా, తాళంచెవి ఇదేనని తెలుసు, తిరగడం లేదు, నీ చెయ్యి కూడా వెయ్యి.

నాకు చిరాకు తెప్పించే పుస్తకాలూ లేకపోలేదు. అప్పులు, జబ్బు, తాగుడు అన్నీ మూడో అధ్యాయంలో పేర్చి, ఒక్క మోకాళ్ల ప్రార్థనతో ఆఖరి పేజీలో అన్నీ తీర్చేసేవి. అవిశ్వాసి అంటే దుర్మార్గుడు, విశ్వాసి అంటే తప్పు చేయనివాడు. బైబిలే అలా రాయలేదు కదా! పేతురు ఏడుపు దాచలేదు, యోబు ప్రశ్నలు దాచలేదు. అలాంటి నవల చదివి కష్టంలో ఉన్న మనిషి, నాకు మాత్రం ఎందుకు జరగలేదు, నా విశ్వాసంలోనే లోపమేమో అని ఇంకా కుంగిపోతాడు. ప్రోత్సాహం పేరుతో మీద వేసిన బరువు అది. జీవిత చరిత్రల్లో కూడా మనిషిని దేవదూతను చేసేస్తే చదివి మూసేయడమే, మనకు అందేది ఏమీ ఉండదు.

ఇంకోటి, మనం చదివే తీరు. మంచి వాక్యం కనబడగానే ఫొటో తీసి స్టేటస్ పెట్టడం, ఆ పుస్తకం మళ్లీ తెరవకపోవడం. ఆఖరి పేజీ ముందే చూసేసి ఓహో మారుమనస్సు పొందాడా, సరే అనుకోవడం. నాతాను మధ్యలో ఉండగా దావీదు లేచి ముగింపు చెప్పవయ్యా అని ఉంటే ఏమయ్యేది? గిన్నె దగ్గర, కౌగిలి దగ్గర ఆగినవాడికే ఆ వేలు తన మీదికి తిరుగుతుంది. దయచేసి నెమ్మదిగా చదవండి. ఉదయం మొదటి గంట వాక్యానిదే, దాన్ని ఏ నవలకూ ఇవ్వకండి. నేనూ ఇవ్వను. కానీ రాత్రి అలసిపోయి ఫోన్‌లో ఏవేవో వీడియోలు తోసుకుంటూ పోయే ఆ గంట ఉంది చూశారూ, అది ఇవ్వండి. ఆనందం కోసమే చదవండి, అందులో అపరాధం ఏమీ లేదు. సంతోషముగల మనస్సు ఆరోగ్యకారణము అని సామెతల గ్రంథం చెబుతోంది. పాత్ర నవ్వితే నవ్వండి. మీకు ఏ పాత్ర మీద బాగా కోపం వస్తుందో అక్కడ మాత్రం ఒక నిమిషం పుస్తకం మూసి ప్రభువును అడగండి.

చదవలేనివాళ్లకు చదివి వినిపించండి. మా అమ్మకు చూపు తగ్గి రెండేళ్లయింది. రాత్రి ప్రార్థనకు ముందు నేను పది పేజీలు చదువుతాను, ఆమె కళ్లు మూసుకుని వింటుంది. ఆ పెద్దాయన చూసిన నవల అదే. అందులో ఒక అమ్మాయి ఇంట్లో గొడవపడి వెళ్లిపోతుంది, వాళ్లమ్మ రోజూ రాత్రి వీధి తలుపు గడియ వేయకుండా పడుకుంటుంది. మా ఇంట్లోనూ ఒక పేరు ఉంది. మా చెల్లిది. ఆరేళ్లుగా కుటుంబ ప్రార్థనలో ఎవరం పలకని పేరు. ఏడు డెబ్బది మారులు క్షమించే వచనం ఆ ఆరేళ్లలో ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. పలకలేదు, అంతే. అమ్మా పలకలేదు, నేనూ పలకలేదు.

ఆ నవల సగానికి పైగా అయిన రాత్రి అమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. సంఘం కోసం, రోగుల కోసం ఎప్పటిలాగే చేసి, తర్వాత కథలోని ఆ అమ్మాయి పేరు ఎత్తింది. "ప్రభువా, ఆ పిల్ల ఎక్కడుందో, క్షేమంగా ఇల్లు చేర్చు తండ్రీ" అంది. అమ్మా అది కథమ్మా అని చెప్పబోయి ఆగాను. ఆమె కూడా ఆగింది. చాలాసేపు గదిలో ఏ శబ్దమూ లేదు, నా చెయ్యి పట్టుకున్న ఆమె వేళ్లు మాత్రం బిగిశాయి. తర్వాత మా చెల్లి పేరు పలికింది. ఇంటి పేరుతో సహా, బాప్తిస్మం రోజు పలికినట్టు.

ఆమెన్ నేనే చెప్పాను. ఇంకా నలభై పేజీలు మిగిలి ఉన్నాయి. పుస్తకం దిండు పక్కన బోర్లించి, ఆరేళ్లుగా తీయని నంబరు కోసం ఫోన్ అందుకున్నాను.